మహర్ పాఠం మేమూ మళ్లీ చదువుతున్నాము

ఇంటర్ పాసైన కూతురిని లా కోర్సులో చేర్పించాలా వద్దా అని అడగడానికి మొన్న జుమా నమాజ్ తర్వాత ఒక తండ్రి మా దగ్గరకు వచ్చారు. ఫీజు గురించి ఆయనకు బెంగ లేదు. "అక్కడ షరీఅత్‌ను తప్పుబట్టడం నేర్పుతారట కదా మౌల్వీసాబ్!" అన్నారు. చేర్పించమనే చెప్పాము.

ఆయన భయం పూర్తిగా నిరాధారమేమీ కాదు. లా విద్యార్థులందరూ, ఏ మతం వారైనా, కుటుంబ చట్టం పేపర్లు రాయాలి. నికాహ్, మహర్, తలాఖ్, ఖులా, వారసత్వం అన్నీ అందులో ఉంటాయి. ఆ పాఠం చాలావరకు ముల్లా రాసిన ఇంగ్లీషు పుస్తకం మీద నడుస్తుంది. పేరు చూసి ఎవరో మౌల్వీ అనుకునేరు, దిన్షా ముల్లా పార్సీ. అంతకు ముందు చార్లెస్ హామిల్టన్ 1791లో హిదాయాను ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా అరబీ మూలం నుంచి కాదు, ఫార్సీ తర్జుమా నుంచి. మూలం తెలిసిన పిల్లలు ఆ తరగతుల్లో కూర్చోకపోతే తప్పులు చూపేవారెవరు?

అయితే అక్కడి నుంచి మనం నేర్చుకోవలసిందీ ఉంది. ముప్పై ఏళ్లుగా మేము ఖుదూరీ, హిదాయాలలో మహర్ అధ్యాయం చెబుతున్నాము. ఐన్‌తో రాసే ముఅజ్జల్ వెంటనే ఇవ్వవలసినది, హమ్జాతో రాసేది తర్వాత ఇచ్చేది. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, చెవికీ ఒకటే. ఇళ్లలో నఖ్ద్, ఉధార్ అంటారు. మా విద్యార్థులు ఈ తేడా పరీక్షలో చక్కగా రాస్తారు. తన నికానామాలో ఏది రాశారో పెళ్లికూతురికి చెప్పినవారు మాత్రం మాకు కనిపించలేదు. మేమూ చెప్పలేదు.

కిందటి ఏడాది లా చదువుతున్న ఒక అమ్మాయి, మా పాత శిష్యుడి చెల్లెలు, ఇంటికి వచ్చింది. చట్టం పుస్తకంలో చదివితే చాలదు, బస్తీలో ఎలా నడుస్తోందో అడిగి రమ్మన్నారట వాళ్ల లెక్చరర్. ఆ అమ్మాయి తన నానీతో మొదలుపెట్టింది. మహర్ ఎంతో నానీకి గుర్తులేదు. గుర్తున్నదల్లా, నానా జనాజా లేచే ముందు ఆడవాళ్లు తనను మయ్యత్ దగ్గరకు నడిపించి "మహర్ మాఫ్ చేశానని అను" అన్న సంగతి. ఏడుస్తూనే అనేసిందట. పక్కింటి ముసలమ్మదీ ఇదే కథ.

"ఉస్తాద్ సాబ్, ఇది మాఫీ అవుతుందా?" అని అడిగింది.

మాకు తెలియని జవాబు కాదు. భార్య తనంతట తాను, సంతోషంగా వదులుకున్నదే భర్తకు హలాల్ అని సూరె నిసా నాలుగో ఆయత్ స్పష్టం చేస్తోంది. మహర్ అప్పు. కఫన్ దఫన్ ఖర్చుల తర్వాత, వారసుల వాటాలకు ముందు తీర్చవలసిన అప్పు. శవం ముందు, పదిమంది చుట్టూ నిలబడి పలికించిన మాటను సంతోషంగా అన్నదని ఎలా అంటాము? ఇన్నేళ్లలో ఎన్నో జనాజాలకు వెళ్లాము. బయట మగవాళ్లతో నిలబడ్డాము. లోపల ఏం జరుగుతోందో తెలిసి కూడా నోరు విప్పలేదు.

ఆ అమ్మాయే మాకు రెండు సంగతులు చెప్పింది. భర్త ఆస్తి న్యాయంగా తన స్వాధీనంలో ఉంటే, మహర్ తీరేదాకా వితంతువు దాన్ని వదలనక్కరలేదని కోర్టులు ఒప్పుకుంటాయట. ఉధార్ మహర్ కోసం దావా వేయాలంటే భర్త మరణం లేదా తలాఖ్ నుంచి మూడేళ్లే గడువట. అల్లాహ్ దగ్గర ఆ అప్పుకు గడువు లేదు, కోర్టులో ఉంది. ఈ మాట ఏ ఖుత్బాలోనైనా విన్నామా?

సమాజం పరిస్థితి చూసి ఫిఖ్ చదవడం యూనివర్సిటీలు తెచ్చిన బిద్అత్ అనేవారు మౌలానా అష్రఫ్ అలీ థానవీ గారిని గుర్తు చేసుకోవాలి. భర్త ఆచూకీ లేక, పోషణ లేక, హనఫీ మజ్హబ్‌లో విడుదలకు దారి దొరక్క, పంజాబ్‌లో కొందరు స్త్రీలు నికాహ్ బంధం తెంచుకోవడానికి ఇస్లాంనే వదిలిపోతున్న రోజులవి. ఆయన ఆ స్త్రీలను తిట్టి ఊరుకోలేదు. మదీనాలోని మాలికీ ఉలమాకు ఉత్తరాలు రాసి, వారి మజ్హబ్ అభిప్రాయం తీసుకుని 1930లలో 'అల్ హీలతున్ నాజిజా' వెలువరించారు. 1939 ముస్లిం వివాహ రద్దు చట్టానికి బాట అక్కడే పడింది. భర్త నాలుగేళ్లు కనిపించకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా భార్య కోర్టుకు వెళ్లవచ్చు. ముస్లిం జడ్జే విచారించాలన్న ఉలమా కోరిక మాత్రం ఆ చట్టంలో నిలవలేదు.

ఇక ఆ తండ్రికి మేము ఒక షరతు పెట్టాము. అమ్మాయి లా కాలేజీకి వెళ్తూనే వారానికి రెండు సాయంత్రాలు మా ఇంట్లో ఆడపిల్లలతో కూర్చుని ఖుదూరీ చదవాలి. ఒప్పుకున్నారు.

నానీ విషయం ఇంకా తేలలేదు. నానా ఇల్లు ముగ్గురు మామూలు ఎప్పుడో పంచుకున్నారు, కోర్టు గడువూ దాటిపోయింది. పెద్ద మామూను నికానామా వెతికి తెమ్మని, వచ్చే ఆదివారం ఇంటికి పిలిచాము.