రక్తంలో బాగానే ఉంది, మరి ఎముకల్లో?

పోయిన సంక్రాంతికి మా పెద్ద యారాలు తడి వాకిట్లో ముగ్గు వేస్తూ జారి, నేలకు చెయ్యి ఆనించింది. అంతే, మణికట్టు విరిగింది. వయసు 54. "ఇదేంది చెల్లే, పోయినేడే రక్తపరీక్షల కాల్షియం మంచిగుందన్నరు గదా!" అని ఒకటే ఏడుపు. నిజమే, ఆ కాగితం నేనూ చూశాను.

సోదరీమణులారా, మనం పొరబడేది అక్కడే. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, నరాలు సరిగ్గా నడవవు. అందుకే శరీరం దాన్ని తగ్గనివ్వదు. తిండిలో చాలకపోతే ఎముకల్లోంచి తీసి రక్తంలో కలుపుతుంది. వంటింట్లో బియ్యం డబ్బా ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది, గాదె అడుగంటిన సంగతి ఎవరు చూడొచ్చారు? నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి, మొదటి కొన్నేళ్లు ఈ తరుగుదల మరీ జోరుగా ఉంటుంది.

ఎముకల గాదెను కొలిచేది డెక్సా స్కాన్. టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టే. రక్తంలో సీటీఎక్స్ అనే పరీక్ష ఎముక ఎంత కరుగుతోందో, పీ1ఎన్‌పీ ఎంత కొత్తగా కడుతోందో చెబుతాయి. జబ్బు తేల్చడానికి కన్నా, మందు పనిచేస్తోందా అని చూడడానికే ఇవి ఎక్కువ పనికొస్తాయి. సీటీఎక్స్‌కు పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వాలి. చాయ్ తాగి వెళితే లెక్క తప్పుతుంది.

విటమిన్ డి కూడా చూపించుకోండి. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు నెలసరి ఆగిన ఆడవాళ్లను పరీక్షించి 2005లో ప్రకటించిన లెక్కలో, పదిమందిలో ఎనిమిది మందికి అది చాలినంత లేదు. ఎండలు మండే ఊళ్లోనే ఈ సంగతి! మన కాగజ్‌నగర్‌లో ఎండకేం తక్కువ, కానీ పొద్దంతా వంటింట్లో ఉంటే అది డాబాకే తగులుతుంది.

నెలసరి ఆగినవారికి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. 100 గ్రాముల తైదల్లో దాదాపు 350 ఉంటుంది. తైద అంబలి బీదల తిండని మా అత్తగారు ఇంట్లో కాయనిచ్చేవారు కాదు. ఇప్పుడు అడిగి మరీ తాగుతున్నారు. నువ్వులు, పెరుగు సరేసరి.

అక్కకు స్కోరు మైనస్ 2.9 వచ్చింది. డాక్టరు వారానికొక మాత్ర రాశారు. పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట పడుకోకూడదట. మొదటిసారి వేసుకుని మళ్లీ నడుం వాల్చింది, గుండెల్లో ఒకటే మంట! ఇప్పుడు మాత్ర వేసుకుని మా గడపలో కూర్చుని ముచ్చట్లు పెడుతోంది. వచ్చే సంక్రాంతికి ముగ్గు మాత్రం నన్ను వెయ్యనివ్వదట.