గాజులు తర్వాత, ముందు నాలుగు సంచులు

మొన్న నవంబర్‌లో తెనాలి దగ్గర మా ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్ చిన్నా, నీ బాల్కనీలో పుట్టగొడుగులు పెంచావుగా, నేనూ షెడ్డు వేద్దామనుకుంటున్నా. గాజులు బ్యాంకులో పెడితే డబ్బు సరిపోతుంది" అంది. ఇంట్లో కూర్చుని నెలకు లక్ష సంపాదించొచ్చని ఎవరో చెప్పిన వీడియో చూసిందట. పండించినదంతా మేమే కొంటామని కూడా అన్నారట.

నాకు గుండె జారినంత పనైంది. ఎందుకంటే నేను కట్టిన మొదటి సంచి పచ్చబూజు పట్టి చెత్తలోకి పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపింది రెండో సంచి ఫొటోలే. పిన్ని ఆ ఫొటోలు చూసే ధైర్యం తెచ్చుకుంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "గాజులు తర్వాత పిన్నీ, ముందు నాలుగు సంచులు కడదాం" అన్నాను. మా ఆఫీసులో అయినా అంతే. కొత్త ప్రోగ్రామ్‌ని ముందు కొద్దిమందికే ఇచ్చి చూస్తాం. డిసెంబర్‌లో రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లాను.

కొత్తవాళ్లకి ముత్యపు చిప్ప పుట్టగొడుగులే నయం. వీటినే ఆయిస్టర్ అంటారు. బటన్ రకానికి చలి కావాలి, ప్రత్యేకంగా తయారుచేసిన కంపోస్టు కావాలి. వీటికి వరిగడ్డి చాలు. 20 నుంచి 30 డిగ్రీల వేడిలో బాగా వస్తాయి కాబట్టి మనకు చలికాలం అనుకూలం. ఎండాకాలంలో మాత్రం వీటి జోలికి పోవద్దు.

ఆ ఏడాది గడ్డి, వానకు తడవనిది, బంగారు రంగులో ఉన్నది తీసుకున్నాం. రెండంగుళాల ముక్కలుగా నరికి రాత్రంతా నానబెట్టాం. పొద్దున్నే ఆ నీళ్లు వంపేసి, 70-80 డిగ్రీల వేడి నీళ్లలో గడ్డిని ముంచి, తేలకుండా పైన బరువు పెట్టి గంటసేపు మూత వేశాం. గడ్డిలో ఉండే వేరే బూజుల్ని అణచడానికే ఇదంతా. తర్వాత శుభ్రమైన గుడ్డ మీద, నీడలో ఆరబెట్టాలి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. పిడికెడు గడ్డి తీసుకుని గట్టిగా పిండితే ఒక్క చుక్క కూడా రాలకూడదు, అరచేయి మాత్రం చెమ్మగా ఉండాలి. తేమ కావాలి, తడి కాదు. నా మొదటి సంచి పోయింది ఈ తేడా తెలియకే.

విత్తనాన్ని స్పాన్ అంటారు. జొన్నల మీదో, గోధుమల మీదో తెల్లగా పెంచి ప్యాకెట్లలో ఇస్తారు. ఎక్కడ దొరుకుతుందో దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ప్యాకెట్‌లో ఆకుపచ్చ, నల్ల మచ్చలుంటే తీసుకోవద్దు. కిలో ఎండుగడ్డికి 100 గ్రాముల విత్తనం లెక్క. చేతులు సబ్బుతో కడుక్కుని, 12×18 అంగుళాల పాలిథిన్ సంచిలో ఒక వరస చల్లారిన గడ్డి, దాని మీద అంచుల వెంబడి విత్తనం, అలా నాలుగైదు వరసలు నింపాలి. మూతి బిగించి, చుట్టూ పది పదిహేను చిన్న రంధ్రాలు పొడిచి చీకటి గదిలో పెట్టాలి.

పదిహేను, ఇరవై రోజుల్లో సంచి అంతా తెల్లటి దారాలు అల్లుకుంటాయి. బూజు పట్టిందని కంగారు పడొద్దు, మనకు కావలసింది అదే. ఆకుపచ్చగా మారితేనే ప్రమాదం. ఆ సంచిని విప్పకుండా దూరంగా తీసుకెళ్లి పాతిపెట్టాలి. మా నాలుగింటిలో ఒకటి అలాగే పోయింది. చీకటి పడుతోందని చివరి సంచిలో గడ్డి సరిగా ఆరకముందే నింపేశాం.

తెల్లబడ్డాక సంచికి గాట్లు పెట్టి, పేపరు చదువుకోగలిగినంత వెలుతురు, గాలి ఉండే చోట వేలాడదీయాలి. చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి, రోజుకి రెండు మూడుసార్లు సన్నగా నీళ్లు చిమ్మాలి. కాడలు పొడుగ్గా సాగి గొడుగులు చిన్నవిగా ఉంటే గాలి చాలడం లేదని, చిన్న మొగ్గలు ఎండిపోతుంటే తేమ చాలడం లేదని అర్థం. మొగ్గలు కనిపించిన మూడు నాలుగు రోజుల్లో, గొడుగు అంచులు ఇంకా కిందికి వంగి ఉండగానే మెలితిప్పి కోసేయాలి. ఆలస్యమైతే పొడిలాంటి బీజాలు రాలతాయి. అవి కొందరికి దగ్గు, ఆయాసం తెస్తాయి. అందుకే పడుకునే గదిలో పెంచొద్దు.

మిగిలిన మూడు సంచుల నుంచి మూడు కోతల్లో రెండు కిలోల పైచిలుకు వచ్చాయి. పిన్ని సంబరం చూడాలి! ఆ తర్వాతే అసలు పరీక్ష మొదలైంది. ఇవి ఫ్రిజ్‌లో పెట్టినా ఎక్కువ రోజులు తాజాగా ఉండవు. సగం ఇరుగుపొరుగు రుచి చూడ్డానికే పోయాయి. మిగతావి తెనాలి పట్టుకెళ్తే ఇద్దరు కొన్నారు, మూడోవాడు "రోజూ తెస్తారా అమ్మా?" అనడిగాడు. ఆ ప్రశ్నకి పిన్ని దగ్గర జవాబు లేదు.

"పెంచడం వారం వారం నేర్చుకోవచ్చు గానీ, రోజూ కొనేవాడు దొరక్కుండా షెడ్డు వేస్తే గాజులు పోయేవిరా" అంది ఆ సాయంత్రం తనే. ఆ వీడియో వాళ్లకు ఫోన్ చేసి, ఎంతకు కొంటారో కాగితం మీద రాసిమ్మని అడిగిందట. తర్వాత వాళ్లు ఫోనెత్తలేదు.

పోయిన వారం ఇంకో పది సంచులు కట్టింది. గాజులు చేతికే ఉన్నాయి. మీరూ మొదలుపెట్టండి, ఒకటో రెండో సంచులతో. చుట్టాలకి ఫొటోలు పంపేటప్పుడు మాత్రం పచ్చబూజు పట్టిన సంచిది కూడా పంపండి.