పలకకపోవడమూ ఒక జవాబే

కంప్యూటర్ లాబ్‌లో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "స్కానర్ హ్యాంగయింది సార్!" ఈ ఒక్క మాటతో రోగం తెలిసిపోయినట్టూ, ఇక చేయగలిగింది ఏమీ లేనట్టూ మనం కుర్చీలో వెనక్కి వాలుతాం. తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. ప్రోగ్రాం మూసేస్తాం, మళ్ళీ తెరుస్తాం. మళ్ళీ ఆగితే కంప్యూటర్‌నే ఆపి మొదలెడతాం. అప్పటికీ రాకపోతే పక్కవాడి ఔట్‌పుట్ మన రికార్డులోకి ఎక్కుతుంది. మార్కులు పడతాయి. అది ఎందుకు ఆగిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టుంది ఈ వ్యవహారం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆగిపోయిన స్కానర్ ముందు విద్యార్థి గడిపే అరగంటే నెట్‌వర్క్ చదువులో అసలైన పాఠం. దానికి మన లాబ్‌లో చోటూ, మార్కూ రెండూ ఉండాలి.

ఇతర శాఖల మిత్రుల కోసం ఈ సాధనం చేసే పని ముందు చెబుతాను. వీటిలో బాగా పేరున్నది ఎన్‌మ్యాప్. గోర్డన్ లియోన్ అనే ఆయన ఫ్యోదర్ అన్న మారుపేరుతో 1997 సెప్టెంబరులో ఫ్రాక్ అనే పత్రికలో దీన్ని ప్రకటించాడు. జనాభా లెక్కల ఉద్యోగిలాగా ఇది ఇంటింటికీ వెళ్ళి తలుపు తడుతుంది. ఒక్కొక్క కంప్యూటర్‌కు టీసీపీ తలుపులు, అంటే పోర్టులు, 65,535 ఉంటాయి. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే వాటిలో ఎక్కువ వాడుకలో ఉన్న 1000 తడుతుంది. లోపలినుంచి "ఉన్నాం, రండి" అనో, "ఇక్కడెవరూ లేరు, పొండి" అనో జవాబు వస్తే పని క్షణంలో అయిపోతుంది. చిక్కంతా మూడో రకంతోనే. ఫైర్‌వాల్ అనే కాపలాదారు మన పలకరింపును చప్పుడు చేయకుండా చెత్తబుట్టలో పడేస్తాడు. తట్టిన చప్పుడు దారిలోనే పోయిందా, లేక విని కూడా ఊరుకున్నారా? బయట నిలబడ్డవాడికి తెలిసే దారి లేదు. కాబట్టి కాసేపు ఆగాలి, మళ్ళీ తట్టాలి. మౌనం అర్ధాంగీకారం అన్న మాట పంచాయితీల్లో చెల్లుతుందేమో గాని, నెట్‌వర్క్‌లో మౌనమంటే ఆలస్యం.

యూడీపీ పోర్టుల సంగతి మరీ విచిత్రం. మూసి ఉన్న పోర్టును తడితే "ఇక్కడెవరూ లేరు" అనే సందేశాన్ని లినక్స్ కంప్యూటర్ సాధారణంగా సెకనుకు ఒకటికి మించి పంపదు. ఆ లెక్కన మొత్తం 65,536 పోర్టులూ చూడాలంటే 18 గంటలు దాటుతుంది. పది నిమిషాలకే "చచ్చిపోయింది" అని తీర్పు చెప్పేవాణ్ణి ఏమనాలి?

మరి నిజంగా ఆగిపోయిందా, నెమ్మదిగా నడుస్తోందా అన్నది ఎలా తెలుసుకోవడం? ఏ ప్రోగ్రాం గురించైనా అది ఎప్పటికైనా ముగుస్తుందో లేదో చెప్పగలిగే సార్వత్రిక పద్ధతి ఉండదని 1936లోనే ఆలన్ ట్యూరింగ్ నిరూపించాడు. కనుక తెరను చూసి జోస్యం చెప్పడం మానేసి సాక్ష్యం వెతుక్కోవాలి. విండోస్ చూపించే "నాట్ రెస్పాండింగ్" అన్న మాట కూడా మరణ ధృవీకరణ పత్రమేమీ కాదు. ఆ కిటికీ 5 సెకన్లపాటు మన సందేశాలను అందుకోలేదని మాత్రమే దాని అర్థం. వెనకాల పని సాగుతూనే ఉండవచ్చు.

నోరులేని పశువుకు వైద్యం చేసేవాడు ముందు చేయి వేసి చూస్తాడు. మనమూ అంతే. ఎన్‌మ్యాప్ నడుస్తుండగా ఎంటర్ నొక్కితే ఎంత శాతం పని అయిందో చెబుతుంది. రెండు నిమిషాలాగి మళ్ళీ నొక్కండి. అంకె కదిలితే అది నెమ్మదే, చావు కాదు. కదలకపోతే 'పి' నొక్కండి, పోయే ప్యాకెట్లూ వచ్చే ప్యాకెట్లూ కళ్ళ ముందు పరుగెడతాయి. ప్యాకెట్లు పోతున్నాయి, జవాబులు మాత్రం రావడం లేదంటే దారిలోనో, అవతలో కాపలా ఉందని అనుమానించాలి. అసలు పోవడమే లేదంటే లోపం మన దగ్గరే వెతకాలి. అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేకపోవచ్చు, విండోస్‌లో ఎన్‌పీక్యాప్ డ్రైవర్ సరిగా ఎక్కకపోవచ్చు, వైఫై తెగిపోయి ఉండవచ్చు.

ఇంకో రెండు కారణాలు తరచుగా కనిపిస్తాయి. ప్రతి చిరునామాకూ పేరు వెతికే డీఎన్ఎస్ సర్వర్ పలకకపోతే స్కాన్ అక్కడే చతికిలబడవచ్చు. హైఫన్ 'ఎన్' అని చేరిస్తే పేర్ల గొడవ ఉండదు. రెండోది హైఫన్ 'పీఎన్'. తొలి పలకరింపుకు బదులు ఇవ్వని కంప్యూటర్‌ను కూడా ఉన్నట్టే భావించమని దీని అర్థం. ఒక్క కంప్యూటర్ మీద ఇది మంచి మందే. 65,536 చిరునామాలున్న నెట్‌వర్క్ మీద వాడితే ఖాళీ స్థలాల్లో కూడా తలుపులు వెతుకుతూ తిరుగుతుంది. అందుకే ముందు ఒక కంప్యూటర్, ఒక పోర్టు. అది పలికాక పది, ఆపైన వంద. ఫలితాన్ని మొదటినుంచీ ఫైలులో రాయిస్తే, మధ్యలో ఆపినా మిగిలింది తర్వాత కొనసాగించుకోవచ్చు.

వేగం పెంచితే సరిపోదా అంటారు కొందరు. 1986లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, దగ్గరే ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32 వేల బిట్లు నడవాల్సిన దారిలో 40 బిట్లు నడిచాయి. అందరూ ఆగకుండా పంపినదే పంపడం వల్ల వచ్చిన ముప్పు అది. రద్దీ ఉన్నప్పుడు తగ్గి నడవాలన్న సూత్రాన్ని వాన్ జేకబ్సన్ 1988లో వివరించాడు. ఎన్‌మ్యాప్ కూడా ఆ మర్యాదే పాటిస్తుంది. దాన్ని బలవంతంగా తరిమితే ప్యాకెట్లు రాలిపోతాయి, తెరిచి ఉన్న తలుపు కూడా మూసినట్టు కనబడుతుంది. ఇంకో మాట. కొన్ని ప్రింటర్లు 9100 పోర్టుకు ఏది పంపినా అచ్చు వేసేస్తాయి. అందుకే సేవల రకం గుర్తించేటప్పుడు ఎన్‌మ్యాప్ ఆ పోర్టును తనంతట తానే వదిలేస్తుంది. సాధనం రాసినవాడికున్న ఓపిక వాడేవాడికి ఉండవద్దా?

ఇదంతా సాంకేతిక గొడవ అనుకోవద్దు. రేపు మనలో ఒకడు ఒక ఆసుపత్రి నెట్‌వర్క్‌ను పరీక్షించి, సగంలో ఆగిన స్కాన్ చూసి "ఏమీ కనబడలేదు, అంతా క్షేమం" అని సంతకం పెడతాడు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆ తేడా తెలియని సంతకానికి మూల్యం చెల్లించేది రోగులు.

గురువులకు ఇబ్బందులున్న మాట నిజం. కంప్యూటర్లు తక్కువ, గంటలు తక్కువ, సిలబస్ కొండంత. అందరి స్కానర్లూ ఆగితే ఒక్క మాస్టారు ఎంతమంది దగ్గరకని పరుగెత్తగలరు? అందుకే నేను కోరేది పెద్దదేమీ కాదు. సెమిస్టర్‌కు ఒక్క లాబ్ లోపాలకే కేటాయించండి. పేర్లు వెతికే సర్వర్‌ను ఆపేయండి, ఒక ఫైర్‌వాల్ పెట్టండి, కారణం మమ్మల్ని కనిపెట్టనివ్వండి. ఏమి చూశాం, ఏమి అనుమానించాం, ఏది కాదని తేలింది అని రాసిన పేజీకి, ఔట్‌పుట్ రాకపోయినా, పూర్తి మార్కులివ్వండి. రికార్డులు కాపీ కొట్టే జబ్బుకు ఇంతకన్నా మందు లేదు. ఆగిన కథ ఎవడిది వాడిదే. పక్కవాడిది పనికిరాదు.

అయితే ఈ సాధన బయటినుంచి విడదీసిన నెట్‌వర్క్‌లోనే, రాతపూర్వకమైన అనుమతితోనే జరగాలి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లలో చొరబడితే 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ళ జైలుదాకా శిక్ష ఉంది. తలుపు తట్టడం వేరు, చొరబడడం వేరు అని వాదించవచ్చు. ఆ వాదన పోలీసు స్టేషన్‌లో చేసుకునే పరిస్థితి మాత్రం తెచ్చుకోవద్దు. అభ్యాసం కోసమే ఎన్‌మ్యాప్ వారు 'స్కాన్‌మీ' అనే కంప్యూటర్‌ను అందరికీ తెరిచి ఉంచారు, మితంగా వాడుకోమన్నారు.

ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకూ ఒక విన్నపం. మీరు కళాశాలకు వచ్చినప్పుడు మీ విజయాల గురించి చెబుతారు, మేము చప్పట్లు కొడతాం. ఈసారి రాత్రంతా మిమ్మల్ని నిద్రపోనివ్వని ఒక లోపం గురించి చెప్పండి. దాన్ని ఏ దారిన పట్టుకున్నారో బోర్డు మీద రాయండి. మిత్రులారా, అప్పటివరకూ మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి స్కానర్ పలకనప్పుడు మూసేసే ముందు ఎంటర్ నొక్కి, వచ్చిన అంకెను కాగితం మీద రాసుకుందాం.