పనికిరాని జిగురుకు పని దొరికింది

ఆఫీసుల్లో ఫైళ్ల మీద, ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద, బైబిల్లో ప్రసంగ వాక్యం ఉన్న పేజీలో అంటించుకునే చిన్న పసుపుపచ్చ చీటీలు మనకందరికీ తెలుసు. అంటిస్తే అంటుకుంటాయి, తీస్తే పేజీ చిరగకుండా ఊడి వస్తాయి. పోస్ట్ ఇట్ పేరుతో ప్రపంచమంతటా అమ్ముడుపోయే ఈ చీటీల ఆలోచన ఒక చర్చి క్వయిర్‌లో పుట్టిందని మనలో ఎంతమందికి తెలుసు? దానికి వాడిన జిగురు అంతకు ముందు ఎందుకూ కొరగానిదిగా పక్కన పడి ఉందని ఎందరికి తెలుసు?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో త్రీఎం అనే పెద్ద కంపెనీ ఉంది. 1968లో ఆ కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రవేత్త చాలా గట్టిగా పట్టే జిగురు కోసం ప్రయోగాలు చేస్తున్నాడు. తీరా తయారైంది మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధమైన జిగురు. అది కంటికి ఆనని చిన్న చిన్న గోళాలుగా ఏర్పడింది. గోళం దేన్నైనా ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది కాబట్టి ఆ జిగురు గట్టిగా పట్టదు. అయితే ఎన్నిసార్లు అంటించి తీసినా దాని అంటే గుణం అంత తేలిగ్గా పోదు. అంతవరకూ బాగానే ఉంది కానీ, గట్టిగా పట్టని జిగురు ఎవరికి కావాలి? ఇది దేనికో ఒకదానికి ఉపయోగపడుతుందని సిల్వర్ ఏళ్ల తరబడి తన కంపెనీలో కనిపించిన వారికల్లా చెబుతూనే ఉన్నాడు. ఎవరికీ దాని అవసరం తోచలేదు.

అదే కంపెనీలో ఆర్థర్ ఫ్రై అనే మరో శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన ప్రెస్బిటేరియన్ చర్చిలో క్వయిర్ సభ్యుడు. బుధవారం ప్రాక్టీసులో ఆదివారం పాడాల్సిన పాటల దగ్గర కాగితపు ముక్కలు గుర్తుగా పెట్టుకునేవాడు. ఆదివారం లేచి నిలబడి పుస్తకం తెరిచేసరికి అవి కాస్తా రాలిపోయేవి. మన క్వయిర్లలో పాడేవాళ్లకు ఈ కష్టం కొత్తేమీ కాదు! 1974లో ఫ్రైకి సిల్వర్ జిగురు గుర్తుకొచ్చింది. రాలిపోకుండా పట్టి ఉంచాలి, తీసినప్పుడు పాటల పుస్తకం పేజీ చిరగకూడదు. ఇంతకాలం ఎవరికీ అక్కరలేని ఆ జిగురుకు సరిగ్గా సరిపోయే పని అదే.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. జిగురు పుస్తకానికి అంటుకుపోకుండా చీటీతోనే వచ్చేలా ఇద్దరు సహోద్యోగులు ప్రత్యేకమైన పూత కనిపెట్టాల్సి వచ్చింది. 1977లో నాలుగు నగరాల్లో అమ్మకానికి పెడితే జనం పెద్దగా పట్టించుకోలేదు. 1978లో బోయిసీ నగరంలో ఉచితంగా పంచి చూశారు. వాడి చూసినవారిలో 90 శాతానికి పైగా కొంటామన్నారు. 1980లో అమెరికా అంతటా మార్కెట్లోకి వచ్చింది. అంటే ఆ జిగురు పన్నెండేళ్లు ఎదురుచూసింది.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పన్నెండేళ్లలో బలహీనమైన జిగురు బలమైన జిగురుగా మారిపోలేదు. అది చివరిదాకా మెత్తగానే ఉంది. దాన్ని చూసే కన్ను మారింది. దీనికి ఏమి లేదు అని వెదికేవారికి అది వ్యర్థంగా కనిపించింది. ఇది దేనికి పనికొస్తుంది అని వెదికినవాడికి అక్కరకొచ్చింది.

ఆదిమ సంఘంలో మార్కు అనబడిన యోహాను పరిస్థితి కూడా ఇదే. పౌలు, బర్నబాలతో సేవకు బయలుదేరిన ఆ యువకుడు పంఫూలియలో వారిని విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. మరోసారి అతన్ని తీసుకువెళ్దామని బర్నబా అంటే పౌలు ససేమిరా అన్నాడు. పౌలును తప్పుపట్టలేం, రాళ్లదెబ్బలు తినాల్సిన ప్రయాణాల్లో మధ్యలో వదిలి వెళ్లేవాడితో కష్టమే. అయితే ఒకప్పుడు యెరూషలేములో అందరూ తనకు భయపడి దూరం పెట్టినప్పుడు తనను చేయిపట్టి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది ఈ బర్నబాయే! ఆ బర్నబా ఇప్పుడు మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. ఏళ్లు గడిచాక చెరసాల నుంచి తిమోతికి రాసిన పత్రికలో మార్కును తీసుకురమ్మని, అతను తన పరిచర్యకు ఉపయోగపడతాడని అదే పౌలు కోరాడు. సువార్తల్లో ఒకటి ఈ మార్కు పేరుతోనే మన చేతుల్లో ఉంది.

మరి మన సంఘాల సంగతేమిటి? ప్రసంగించగలవాడు, బాగా పాడగలవాడు, ధారాళంగా ప్రార్థించగలవాడు, నాలుగు డబ్బులు ఇవ్వగలవాడు, ఈ నలుగురికే మన దగ్గర పని ఉంది. కోతపండుగ కమిటీ అయినా, క్రిస్మస్ కార్యక్రమమైనా అవే పేర్లు. బైబిల్ కాలేజీ నుంచి మధ్యలో వచ్చేసిన యువకుణ్ణి ఆ ఒక్క సంగతితోనే గుర్తుపెట్టుకుంటాం. మాట తడబడే పిల్లవాణ్ణి వేదిక మీదికి పిలవం, అంతవరకూ సరే, వేరే పని కూడా ఇవ్వం. చివరికి వాళ్లు వెనక బెంచీలోకి, అక్కడి నుంచి గేటు బయటికి జరిగిపోతే, విశ్వాసంలో బలహీనులని తీర్పు చెబుతాం.

గట్టిగా పట్టే జిగురు అవసరమైన చోట్లు సంఘంలో ఉన్నాయి, కాదనలేం. కానీ మెత్తగా అంటుకునేది మాత్రమే పనిచేసే చోట్లు కూడా ఉన్నాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర అరగంట ప్రసంగం కన్నా మౌనంగా పక్కన కూర్చునే మనిషి కావాలి. మూడు వారాలుగా ఎవరు గుడికి రాలేదో గమనించి వాళ్ల ఇంటికి వెళ్లడానికి గొప్ప గొంతు అక్కరలేదు. చదువురాని వృద్ధురాలు ప్రతి రాత్రీ పేరుపేరునా చేసే ప్రార్థన ఏ నోటీసు బోర్డు మీదా కనబడదు. వీళ్లు ఎవరినీ గాయపరచరు, ఎవరినీ చింపరు, అయినా రాలిపోయేవారిని పట్టి ఉంచుతారు.

అందుకే సంఘపెద్దలకు ఒక మనవి. సభ్యుల రిజిస్టరు ఒకసారి తెరిచి, ఏళ్లుగా ఏ పనీ అప్పగించని పేర్లను ఓపికగా చదవండి. ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, ఈయనకు ఏమి రాదు అని కాకుండా ఈయనను దేవుడు దేనికోసం మన మధ్య ఉంచాడు అని అడగండి. జవాబు వెంటనే దొరకకపోవచ్చు, ఏళ్లు పట్టవచ్చు. మనల్ని మన వైఫల్యాలతో సహా చేర్చుకున్న ప్రభువు సంఘంలో ఎవరినీ పారేసే హక్కు మనకు లేదు. మార్కులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు, బర్నబాలే కావాలి!