సాక్ష్యం రాసే ఉద్యోగానికి తగిన పరీక్ష, తగిన జీతం కావాలి

నయాపూల్ కోర్టులకు వచ్చే కక్షిదారులకు, వకీళ్లకు, కోర్టు సిబ్బందికి విజ్ఞప్తి.

పురానీ హవేలీ దగ్గర సిటీ సివిల్ కోర్టులో ఏ హాల్లోనైనా ఒక పూట కూర్చుని చూడండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో వకీలు మూడు తేదీలు, ఇద్దరి పేర్లు కలిపి ఒకటే ప్రశ్న వేస్తాడు. సాక్షి కాసేపు తటపటాయించి "ఆఁ" అంటాడు. జడ్జిగారు ప్రశ్ననీ జవాబునీ కలిపి ఇంగ్లీషులో ఒక వాక్యం చెబుతారు, టైపిస్టు కొడతారు. ప్రశ్న మాయమవుతుంది. "ఫలానా రోజున నేను అక్కడ ఉన్నమాట నిజమే" అని అంతా సాక్షే చెప్పినట్టు కాగితం మీద మిగులుతుంది. తగాదా అప్పీలుకు పోతే, మూసీ ఒడ్డున 1920లో తెరిచిన హైకోర్టులో జడ్జిల ముందుకొచ్చేది ఆ కాగితమే. సాక్షి తటపటాయింపు అందులో ఉండదు.

ఇది టైపిస్టు తప్పు కాదు. ఆ కుర్చీకి మనం పెట్టిన అర్హతే వేరు.

మన జిల్లా కోర్టుల్లో స్టెనోగ్రాఫర్ గ్రేడ్-3 కావాలంటే డిగ్రీతో పాటు ఇంగ్లీషు టైపు, షార్ట్‌హ్యాండ్ పాసవ్వాలి. షార్ట్‌హ్యాండ్ హయ్యర్ అంటే నిమిషానికి 120 మాటలు, టైపు హయ్యర్ అంటే 45. 2020 స్కేళ్ల ప్రకారం మూలవేతనం 32,810 రూపాయలతో మొదలై 96,890 దాకా పోతుంది. టైపిస్టుకు 24,280 నుంచి 72,850. కష్టపడి నేర్చిన విద్యే అది. కానీ ఆ పరీక్షలో ఒక్క గొంతు తీరుబడిగా చదివే ఇంగ్లీషు పాఠం ఉంటుంది. కోర్టు హాల్లో సాక్షి తెలుగులోనో దక్కనీలోనో చెబుతుంటాడు, ఇద్దరు వకీళ్లు అడ్డం పడుతుంటారు. అమెరికాలో కోర్టు రిపోర్టర్ల జాతీయ సంఘం సర్టిఫికెట్ ఇవ్వాలంటే ప్రశ్న-జవాబులనే నిమిషానికి 225 మాటల వేగంతో, 95 శాతం తప్పుల్లేకుండా రాయించి చూస్తుంది. చేయబోయే పని మీదే పరీక్ష పెట్టడమంటే అదీ.

యంత్రాలొస్తున్నాయిగా అంటారు. వస్తున్నాయి, రావాలి కూడా. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలోనే రాజ్యాంగ ధర్మాసనం వాదనలను కృత్రిమ మేధతో అక్షరాల్లోకి ఎక్కించింది. ఈ-కోర్టుల మూడో దశకు కేంద్రం 7,210 కోట్లు మంజూరు చేసింది. అయితే ఫ్యాన్ల చప్పుడులో, నలుగురి మాటల మధ్య పాతబస్తీ సాక్షి గొంతును యంత్రం తప్పుగా పట్టుకుంటే దిద్దడానికి ఆ భాష తెలిసిన మనిషి పక్కనే ఉండాలి.

అందుకే మా కోరిక: సాక్ష్యం నమోదుకు ప్రత్యేక పోస్టులు పెట్టండి. తెలుగులో, ఉర్దూలో విని ప్రశ్న-జవాబుల రూపంలో రాయగలరా అన్నదే పరీక్ష కావాలి. ఆ పోస్టుకు స్టెనోగ్రాఫర్ స్కేలు కంటే ఒక మెట్టు పైన జీతం ఇవ్వండి. ఇప్పుడున్న టైపిస్టులకు జీతంతో కూడిన శిక్షణ ఇచ్చి మొదటి అవకాశం వాళ్లకే ఇవ్వండి, బయటివాళ్లకు కాంట్రాక్టుకు అప్పగించొద్దు. రాజేంద్రనగర్‌లో వంద ఎకరాల్లో కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అంత ఖర్చులో, సాక్షి మాట స్పష్టంగా వినపడేలా కింది కోర్టు హాళ్లకు మంచి మైకులు పెట్టడం భారం కాదు.

హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కూ రాష్ట్ర ప్రభుత్వానికీ ఇవ్వబోయే వినతిపత్రంపై సంతకం చేయండి. ఈలోగా మీరు సాక్ష్యం చెబితే, అది మీకు చదివి వినిపించమని అడగండి. క్రిమినల్ కేసుల్లో పాత సీఆర్‌పీసీ 278వ సెక్షన్ ఇచ్చిన ఆ హక్కు 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. మీరు అననిది అందులో కనిపిస్తే, సంతకం పెట్టకముందే జడ్జిగారికి చెప్పండి.