ముందు మీ కుర్చీ సంగతి చూడండి



2020 లాక్‌డౌన్‌తో మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఆఫీసులు ఇళ్లలోకి వచ్చేశాయి. డైనింగ్ టేబులో, మంచం అంచో, ఏది దొరికితే అదే డెస్కు అయింది. ఆ తాత్కాలిక ఏర్పాటు చాలా ఇళ్లలో ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. అలా కూర్చోవడంతో వచ్చే మెడనొప్పి, మణికట్టు తిమ్మిరి ఐటీ వాళ్లకే పరిమితం కాదు. మీసేవ కేంద్రాల్లో, డీటీపీ సెంటర్లలో పొద్దస్తమానం టైపు చేసేవాళ్లనూ అవి వదలడం లేదు. అందుకే ఈ సంచికను కూర్చునే తీరుకు కేటాయించాం.

బాధ పాతదే. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని వృత్తి రోగాలపై తన పుస్తకం 1713 ముద్రణలో రాతగాళ్ల నొప్పులకు మూడు కారణాలు చెప్పాడు: కదలకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడించడం, మనసు మీద ఒత్తిడి. ఆ మూడూ నేటికీ మనతోనే ఉన్నాయి.

బల్లను మన ఒంటికి తగ్గట్టు అమర్చుకోవాలన్నదే ఈ సంచిక వ్యాసాలన్నిటి సారం. లాప్‌టాప్‌నే చూడండి. తెరను కంటి ఎత్తుకు లేపితే భుజాలు లేస్తాయి, చేతులకు అందేలా దించితే మెడ వంగుతుంది. దాని కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, విడిగా కీబోర్డు, మౌస్ తగిలిస్తే ఈ తంటా చాలావరకు తీరుతుంది. పాదాలు నేలకు అందకపోతే కింద ఓ పీట వేసుకోండి. ఖరీదైన కుర్చీ కొనమని మేం చెప్పడం లేదు. ఎంత మంచి కుర్చీలోనైనా అరగంటకోసారి లేచి నడవాల్సిందే.

తిమ్మిరి రాత్రిళ్లు నిద్ర లేపుతుంటే మాత్రం బామ్‌తో సరిపెట్టుకోకండి, వెంటనే డాక్టరుకు చూపించుకోండి.