అజాన్ పలికిన చెవికి పరీక్ష ఏది?

మన ఇళ్ళలో బిడ్డ పుట్టగానే ఇంటి పెద్ద ఒకరు ఆ పసికందును చేతుల్లోకి తీసుకొని కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ పలుకుతారు. నా మనుమలు నలుగురికీ ఆ భాగ్యం నాకే దక్కింది. నాలుగోసారి అజాన్ పలుకుతూ ఉండగానే నాలో ఒక సందేహం కలిగింది. ఈ బిడ్డకు నా మాట వినబడుతోందా? ఆసుపత్రిలో బరువు తూచారు, టీకా వేశారు, కామెర్లున్నాయేమోనని కళ్ళు చూశారు. చెవి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఆ సందేహానికి కారణం నా చెవులే.

ఉద్యోగ జీవితంలో అధిక భాగం రంపచోడవరం ఏజెన్సీలోనే గుమాస్తాగా గడిపాను. పదవీ విరమణకు మూడేళ్ళ ముందు ఒకనాడు పైఅధికారి ఫోనులో ‘ఇరవై’ అన్న మాట నాకు ‘అరవై’గా వినబడింది. ఆ అంకె ఒక పంపిణీ జాబితాలోకి ఎక్కి, కొద్ది రోజులకు మెమో రూపంలో నా బల్ల మీదికే తిరిగి వచ్చింది. సంజాయిషీలో ‘పని ఒత్తిడి వల్ల’ అని రాశాను. ‘వినబడలేదు’ అని రాయడానికి సిగ్గు అడ్డొచ్చింది. ఇంట్లో టీవీ శబ్దం మీద రోజూ తగువే. “కావాలనే విననట్టు ఊరుకుంటారు మీరు” అని నా భార్య నిష్ఠూరమాడేది. సమావేశంలో అందరూ నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి, దేనికి నవ్వుతున్నామో తెలియకుండానే. శుక్రవారం ఖుత్బాలో సగం మాటలు నా వరకు చేరేవి కావు. కళ్ళజోడు పెట్టుకోవడానికి ఎన్నడూ వెనుకాడని మనిషిని, చెవి విషయంలో ఆరేళ్ళు దాచుకున్నాను. కంటికి లేని ఎగతాళి చెవికి ఉంది. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అనడం మనకు అలవాటు. ఆ శంఖం ముందు నిలబడినవాడి మనసు ఎలా ఉంటుందో ఆలోచించం.

చివరికి ఒక పట్టణంలో ‘ఉచిత వినికిడి శిబిరం’ అన్న బ్యానరు చూసి వెళ్ళాను. ఒక యువకుడు నా వెనుక నిలబడి రెండుసార్లు చప్పట్లు కొట్టాడు, తాళాల గుత్తి ఆడించాడు, ‘నరాల బలహీనత’ అని తేల్చాడు. పన్నెండు వేలు తీసుకొని ఒక యంత్రం చేతిలో పెట్టాడు. అది పెట్టుకుంటే గిన్నెల చప్పుడు, ఫ్యాను రొద, ఆటోల మోత తలలో పగిలేవి. మనిషి మాట మాత్రం మునుపటిలాగే మసకగా ఉండేది. పది రోజులకు ఆ యంత్రం బీరువాలోకి చేరింది. ఇటువంటి బీరువాలు మన బంధువుల ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో లెక్క వేసి చూడండి.

అసలైన పరీక్ష ఎలా ఉంటుందో ఆ తరువాత రాజమహేంద్రవరంలో తెలిసింది. ముందు చెవి వైద్యుడు దీపంతో చెవి లోపల చూసి గులిమి తీశారు. పిమ్మట శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. గాజు అవతల ఆడియాలజిస్టు అమ్మాయి కూర్చొని ఉంది. “ఎంత సన్నగా వినబడినా, అనుమానంగా ఉన్నా నొక్కండి అంకుల్” అంది. 250 హెర్ట్జ్ బొంగురు ధ్వని మొదలుకొని 8000 హెర్ట్జ్ కీచు ధ్వని వరకు ఒక్కొక్కటీ తగ్గిస్తూ, పెంచుతూ వినిపించింది. తరువాత చెవి వెనుక ఎముక మీద ఒక చిన్న కంపన సాధనం ఆనించి మళ్ళీ అదే పరీక్ష చేసింది. ఆ సమయంలో రెండో చెవిలో వాన కురుస్తున్నట్టు హోరు వినిపిస్తారు, ఆ చెవి ఈ చెవికి సాయం చేయకుండా. గాలి ద్వారా వినబడనిది ఎముక ద్వారా వినబడితే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. దానికి చాలాసార్లు మందో, శస్త్రచికిత్సో ఉంటుంది. రెండు దారులలోనూ ఒకే తీరుగా తగ్గితే లోపం లోపలి చెవిలోనో నరంలోనో ఉన్నట్టు. చప్పట్లతో ఈ తేడా ఎవరికీ తెలియదు.

చేతికి వచ్చిన కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటారు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలి ఇంటూ గుర్తులు. నా గీత మొదట్లో పర్వాలేదనిపించి, 2000 హెర్ట్జ్ దాటగానే కొండ దిగినట్టు కిందికి జారింది. అచ్చుల బలం, గొంతు స్థాయి నాకు వినబడుతున్నాయి. మాటకు మాటకు తేడా చెప్పే సన్నని ధ్వనులు పోతున్నాయి. ‘ఇరవై’ ‘అరవై’ ఎందుకు కలిసిపోయాయో ముప్పై ఏళ్ళు కాగితాలతో బతికిన నాకు ఆ ఒక్క కాగితం చెప్పింది. అంతకుముందు కొన్న యంత్రం అన్ని ధ్వనులనూ ఒకే మోతాదున పెంచేది. ఇప్పటిది నా గీతను బట్టి ఎక్కడ ఎంత కావాలో అంతే పెంచుతుంది. అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది. అది కూడా ముందే చెప్పారు.

ఇక మా ఏజెన్సీ సంగతి. జిల్లా గీతలు ఎన్నిసార్లు మారినా మేము పెద్ద వైద్యానికి రాజమహేంద్రవరం, కాకినాడ వైపే చూస్తాం. రంపచోడవరం నుంచి గోకవరం మీదుగా బస్సులో దాదాపు రెండు గంటలు. మారేడుమిల్లి ఆవలి గూడేల వారికి రంపచోడవరం చేరడమే ఒక ప్రయాణం. కూలి పోగొట్టుకొని, తోడు ఒకరిని వెంటబెట్టుకొని, ‘నొప్పి లేని జబ్బు’ కోసం అంత దూరం ఎవరు వెళతారు?

కాని ఇక్కడి చెవులకు ఉన్న ముప్పు తక్కువది కాదు. ఇది మలేరియా ప్రాంతం. వెనుకటి తరం క్వినైన్ మింగి చెవుల్లో గుయ్‌మన్న రోజులను ఇప్పటికీ తలచుకుంటుంది. ఆ మందు మోతాదు మించితే వినికిడిని దెబ్బతీస్తుంది, చాలామందిలో తాత్కాలికంగా, కొందరిలో శాశ్వతంగా. పాత రోజుల్లో క్షయకు ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ సూది మందుకూ ఆ గుణం ఉంది. పిల్లల్లో చెవి కారడం మామూలు విషయమన్నట్టు చూస్తాం. కాచిన వెల్లుల్లి నూనె పోస్తాం, కోడి ఈకతో తిప్పుతాం, పిన్నీసుతో గెలుకుతాం. కర్ణభేరికి చిల్లు పడిన చెవిలో నూనె పోయడమంటే పుండు మీద మరో పుండు చేయడమే. మేనరికాల మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. దగ్గరి రక్త సంబంధాల్లో పెళ్ళిళ్ళు పుట్టు చెవుడు అవకాశాన్ని పెంచుతాయి. ఈ అలవాటు ఇరుగుపొరుగు తెలుగు కుటుంబాలతో పాటు మనకూ ఉంది.

మన యువకుల పనులు చూడండి. మెకానిక్ షెడ్డు, వెల్డింగు, టింకరింగు, లేతు. 85 డెసిబెల్‌ల శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు మించరాదనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ సమయం సగమవుతుందనీ నిపుణులు పాటించే లెక్క. రేకు మీద సుత్తి దెబ్బ ఆ హద్దును ఎప్పుడో దాటింది. ఈ నష్టం మొదట 4000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి ఆ కుర్రవాడికి ఏళ్ళ తరబడి తెలియదు. తెలిసేసరికి తిరిగి రాదు. ఇరవై రూపాయల చెవి బిరడాలు కొనిపెట్టే యజమానిని నేను ఇంతవరకు చూడలేదు.

మా వీధిలో ఒక వెల్డరు కొడుకు, తొమ్మిదేళ్ళవాడు. ‘మొద్దు’ అని బడిలో వెనుక బెంచీలో కూర్చోబెట్టారు. చదువు మాన్పించి షెడ్డులో పెడతానని తండ్రి నా దగ్గరికి వచ్చాడు. ఆ పిల్లవాడు నాతో మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి కాక పెదవుల వైపు చూడటం గమనించాను. నేను ఆరేళ్ళు చేసిన పని అదే. “చాచా, వాడు మొండివాడు” అన్నాడు తండ్రి. వాడి చెవి దగ్గర వాసన చూడమన్నాను. చీము. పరీక్షలో రెండు చెవులలోనూ మధ్య చెవి లోపమే అని తేలింది. చెవిని పొడిగా ఉంచి మందులు వాడుతున్నారు, కర్ణభేరి శస్త్రచికిత్సకు రమ్మన్నారు. ఇప్పుడు మొదటి బెంచీలో కూర్చుంటున్నాడు.

చట్టం మన పక్షాన లేదనుకోవద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ గ్రామీణ ప్రాంతాల్లో సమీపంలోనే ఉచిత వైద్యం అందాలంటుంది, ఆదాయ పరిమితికి లోబడి. పిల్లలందరినీ ఏడాదికి ఒకసారైనా పరీక్షించి ముప్పు ఉన్నవారిని గుర్తించాలని కూడా అంటుంది. 2007 నుంచి అమలులో ఉన్న జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమం జిల్లా ఆసుపత్రికి ఆడియాలజిస్టునూ పరికరాలనూ నిర్దేశించింది. కాని చట్టంలోని షెడ్యూలు ప్రకారం రెండు చెవులలోనూ 60 డెసిబెల్‌ల లోపం ఉంటేనే ‘వినికిడి లోపం’, 70 ఉంటే ‘బధిరత్వం’. 45 దగ్గర ఉన్న నా వంటివారు, ఆ పిల్లవాడు ఏ జాబితాలోనూ లేరు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాగా ఆ జాతీయ కార్యక్రమమే చెప్పే సంఖ్య 6 కోట్ల 30 లక్షలు. నిర్వచనాలు వేరన్నది నిజమే. కాని ఇంటింటికీ వచ్చిన ఎన్యూమరేటరు చేతిలో ఆడియోమీటరు లేదు, ఇంటివారు చెప్పిందే రాసుకున్నాడు. మనం దాచాం, వారు రాయలేదు. లెక్కలో లేనివారికి బడ్జెట్టులో పద్దు ఉండదని ఏ గుమాస్తాను అడిగినా చెబుతాడు.

మైనారిటీ సంక్షేమం ఒక కార్యాలయం, గిరిజన సంక్షేమం ఇంకొకటి, విభిన్న ప్రతిభావంతుల సంక్షేమం మరొకటి. వినికిడి ఫైలు ఈ మూడు బల్లల మధ్య తిరుగుతుంది. ఏజెన్సీలోని ముస్లిం కుటుంబం గిరిజనుల పథకాల్లో ఉండదు, పట్టణంలో జరిగే మైనారిటీ శిబిరాలకు అందదు. అందుకే ఈ కోరికను మన వర్గానికే పరిమితం చేయవద్దని నా అభిప్రాయం. కోయ, కొండరెడ్డి సోదరుల చెవి, మన చెవి ఒకే గదిలో పరీక్షకు నోచుకోవాలి. ఏజెన్సీలోని ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలో శబ్దం చొరబడని గది, ఆడియోమీటరు, అర్హత గల ఆడియాలజిస్టు ఉండాలి. ఉన్నచోట ఏ రోజు పరీక్ష చేస్తారో బయట బోర్డు మీద రాయాలి. ఆ రోజు సంత రోజైతే మరీ మంచిది.

అంతవరకు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. యంత్రం అమ్మేవారిని పునరావాస మండలి నమోదు సంఖ్య అడగండి, ఆడియోగ్రామ్ లేకుండా రూపాయి ఇవ్వకండి. పుట్టిన నెలలోపు బిడ్డకు వినికిడి పరీక్ష, లోపం ఉందనిపిస్తే మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు కావాలి. మాటలు నేర్చే వయసు ఎవరి కోసమూ ఆగదు. తెల్లవారేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే గులిమి అనుకొని ఊరుకోకండి. అది అత్యవసరం, అదే రోజు వైద్యుని వద్దకు వెళ్ళాలి.

గత నెలలో మేము పదకొండుమందిమి సంతకాలు చేసి, ఇద్దరు వేలిముద్ర వేసి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాము. అందులో ఏడుగురు గిరిజనులు, ఆరుగురు మనవారు. రశీదు నా దగ్గర ఉంది. అర్జీ నకలు కావలసినవారు జుమా తరువాత మసీదు బయట అడగవచ్చు. కాస్త గట్టిగా పిలవండి, ఎడమ వైపు నుంచి వస్తే నాకు ఇంకా సరిగా వినబడదు.